జిల్లా ఫుట్‌బాల్ జట్ల దాడికి, రక్షణకు ర్యాంకులు: ఏ లెక్క ఎప్పుడు ఎంచుకోవాలి?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో క్రికెట్‌కూ కబడ్డీకీ ఉన్నంత ఆదరణ ఫుట్‌బాల్‌కు లేకపోయినా, ఆడే జట్లకు మాత్రం కొదవ లేదు. పాఠశాలల స్థాయిలో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీలు, కళాశాలల స్థాయిలో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయ అంతర కళాశాలల పోటీలు, సెలవుల్లో కుర్రాళ్లు చందాలు వేసుకుని పెట్టుకునే లీగ్‌లు ముగిశాక నిర్వాహకుల చేతిలో మిగిలేవి కొన్ని స్కోర్‌షీట్లే. వాటిని బట్టి ఏ జట్టు దాడి పదునైనదో, ఏ జట్టు రక్షణ గట్టిదో వరుస పెట్టమంటే, వేసిన గోల్స్ కూడి ఒక జాబితా, ఇచ్చిన గోల్స్ కూడి మరొక జాబితా రాసేయడం మామూలు. ఇరవై జట్లు 38 ఆటల చొప్పున ఆడే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌కు ఆ కూడిక దాదాపు చాలు. నాలుగైదు ఆటలతో ముగిసిపోయే మన పోటీలకు అది చాలదు. అందుబాటులో ఉన్న పద్ధతుల్లో ఏది ఎవరి అవసరానికి తగినదో, మన మైదానాల దగ్గర నిజంగా రాసుకోగలిగిన వివరాలతో ఏది సాధ్యమో ఇక్కడ పోల్చి చూద్దాం.

ర్యాంకు ఎవరి కోసం?

పద్ధతి ఎంచుకోవడానికి ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. వచ్చే ఏడాది డ్రా తీసేటప్పుడు రెండు బలమైన జట్లు మొదటి రౌండ్‌లోనే ఎదురుపడకుండా చూడాలనుకునే నిర్వాహకుడికి జట్టుకు ఒక్క అంకె ఉంటే సరిపోతుంది. తన పిల్లలకు వచ్చే నెల రోజులూ గోల్ కొట్టడం మీద సాధన చేయించాలా, వెనక వరుసను సరిదిద్దాలా అని ఆలోచించే పీఈటీకి ఆ ఒక్క అంకె వల్ల ప్రయోజనం ఉండదు. దాడికొకటి, రక్షణకొకటి రెండు అంకెలు కావాలి. జిల్లా జట్టుకు ఆటగాళ్లను ఎంపిక చేసే కమిటీ విషయం వేరు. బలహీనమైన జట్టులో అద్భుతమైన డిఫెండర్ ఉండవచ్చు, ఎక్కువ గోల్స్ వేసిన జట్టులో అన్ని గోల్స్ ఒకే కుర్రాడివి కావచ్చు. కాబట్టి జట్ల ర్యాంకులను చూసి ఆటగాళ్లను తీసుకోవడం సబబు కాదు. ఏ ఆటలను మళ్లీ జాగ్రత్తగా పరిశీలించాలో చెప్పడానికి మాత్రమే ఆ కమిటీకి ఈ లెక్కలు ఉపయోగపడతాయి.

పాయింట్ల పట్టిక

గెలిస్తే మూడు, సమమైతే ఒకటి అనే పట్టిక విజేతను తేల్చడానికి పుట్టింది, జట్టు సత్తాను కొలవడానికి కాదు. 2015–16 ప్రీమియర్ లీగ్‌ను లెస్టర్ సిటీ 81 పాయింట్లతో గెలిచింది. ఆ జట్టు 68 గోల్స్ వేసి 36 ఇచ్చింది. అదే ఏడాది 69 గోల్స్ వేసి 35 మాత్రమే ఇచ్చిన టోటెన్‌హామ్ 70 పాయింట్లతో మూడో స్థానంలో నిలిచింది. దాడిలోనూ రక్షణలోనూ లెస్టర్ కంటే ఒక్కొక్క గోల్ మెరుగ్గా ఉన్న జట్టు పట్టికలో 11 పాయింట్లు వెనకబడింది. లెస్టర్ ఒక్క గోల్ తేడాతో ఎక్కువ ఆటలు గెలుచుకుంది; టోటెన్‌హామ్ కొన్ని ఆటల్లో భారీగా గెలిచింది గానీ, మొత్తం మీద లెస్టర్ కంటే తక్కువ ఆటలే గెలిచింది. కప్పు లెస్టర్‌దే అనడంలో వివాదం లేదు గానీ, ఆ 11 పాయింట్ల దూరం రెండు జట్ల బలంలో ఉన్న దూరమని చెప్పలేము.

పాయింట్లు సమమైనప్పుడు వాడే లెక్కలోనూ ఎంపిక ఉంది. వేసిన గోల్స్ నుంచి ఇచ్చిన గోల్స్ తీసివేసే గోల్స్ తేడా ఇప్పుడు అందరూ వాడుతున్న పద్ధతి. అంతకుముందు వేసిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగించేవారు. ఇంగ్లండ్ లీగ్ ఆ భాగహారాన్ని 1976–77లో వదిలిపెట్టింది. ఈ రెండూ ఒకే ఫలితం ఇస్తాయని అనుకునేవారు స్కాట్లండ్‌లోని హార్ట్స్ జట్టు చరిత్ర చూడాలి. 1964–65లో కిల్మార్నాక్, హార్ట్స్ చెరి 50 పాయింట్లతో సమంగా నిలిచాయి. కిల్మార్నాక్ 62 వేసి 33 ఇచ్చింది. హార్ట్స్ 90 వేసి 49 ఇచ్చింది. భాగిస్తే కిల్మార్నాక్‌కు 1.88, హార్ట్స్‌కు 1.84 వచ్చి కిల్మార్నాక్ విజేత అయింది. తీసివేసి ఉంటే 41కి 29తో హార్ట్స్ గెలిచేది. మళ్లీ 1985–86లో సెల్టిక్, హార్ట్స్ చెరి 50 పాయింట్లు తెచ్చుకున్నాయి. ఈసారి నిబంధన తీసివేతకు మారింది. 67 వేసి 38 ఇచ్చిన సెల్టిక్ తేడా 29, 59 వేసి 33 ఇచ్చిన హార్ట్స్ తేడా 26. భాగించి ఉంటే 1.79తో హార్ట్స్, 1.76తో సెల్టిక్ నిలిచేవి. ఏ నిబంధన ఉన్నప్పుడు దానికి ఎదురైన ఆట ఆడటం ఆ జట్టు దురదృష్టం. మనకు పనికివచ్చే విషయం ఏమిటంటే, భాగహారం తక్కువ గోల్స్ ఇచ్చే జట్టుకు మొగ్గు చూపుతుంది, తీసివేత ఎక్కువ గోల్స్ వేసే జట్టుకు మొగ్గు చూపుతుంది. నిబంధన ఏదైనా సరే, దాన్ని పోటీ మొదలవడానికి ముందే కాగితం మీద రాసి అందరి సంతకాలు తీసుకోవడం నిర్వాహకులకు క్షేమం.

తీసివేతకు మన దగ్గర ఇంకొక ఇబ్బంది ఉంది. పాఠశాలల పోటీల్లో బలమైన జట్టుకు కొత్తగా ఏర్పడిన జట్టు తగిలితే ఎనిమిది, పది గోల్స్ పడటం వింత కాదు. ఆ ఒక్క ఆట మొత్తం జాబితాను తలకిందులు చేస్తుంది. బలాన్ని అంచనా వేసేటప్పుడు ఒక ఆటలో నాలుగు గోల్స్‌కు మించిన తేడాను నాలుగుగానే లెక్కించాలన్నది నా అభిప్రాయం. ఓడిపోయిన పిల్లల మీద ఇంకో రెండు గోల్స్ వేయమని ప్రోత్సహించే లెక్క కంటే అది మేలు.

దాడినీ రక్షణనూ విడదీసినప్పుడు

ఒకే అంకెలో రెండు పనులను కలిపితే దాగిపోయేవి ఏమిటో 2013–14 ప్రీమియర్ లీగ్ చక్కగా చూపుతుంది. ఆ ఏడాది లివర్‌పూల్ 101 గోల్స్ వేసి రెండో స్థానంలో నిలిచింది, ఇచ్చినవి 50. పదకొండో స్థానంలో ముగించిన క్రిస్టల్ ప్యాలెస్ 33 గోల్స్ మాత్రమే వేయగలిగింది గానీ ఇచ్చినవి 48 మాత్రమే. అంటే ఇచ్చిన గోల్స్ వరుసలో చూస్తే కప్పుకు రెండు పాయింట్ల దూరంలో ఆగిపోయిన జట్టు, పట్టిక మధ్యలో ఉన్న జట్టు కంటే కింద ఉంది. మూడో స్థానంలోని చెల్సీ 71 వేసి 27 మాత్రమే ఇచ్చింది. ఈ మూడింటికీ శిక్షణలో చెప్పవలసిన మాటలు పూర్తిగా వేరు.

విడదీయాలని నిర్ణయించుకున్నాక చేయవలసిన మొదటి సవరణ, మొత్తాన్ని ఆడిన ఆటల సంఖ్యతో భాగించడం. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ మన కోస్తాలో తప్పనిసరి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు నెల్లూరు, కావలి, సింగరాయకొండ ప్రాంతాల మైదానాలను వారాల తరబడి చిత్తడి చేస్తాయి. ఆ కాలంలో పెట్టిన లీగ్‌లో ఒక జట్టు ఆరు ఆటలు, మరొక జట్టు నాలుగు ఆటలు ఆడి ముగించే పరిస్థితి వస్తుంది. మొత్తాలతో వరుస పెడితే ఎక్కువ ఆడిన జట్టు దాడిలో పైకి, రక్షణలో కిందికి పోతుంది. సగటుతో ఆ తేడా తొలగుతుంది.

రెండో సవరణ ప్రత్యర్థి బలం. అసలు కష్టం ఇక్కడే ఉంది, లెక్క ఫలితం ఇచ్చేదీ ఇక్కడే. నాలుగు జట్ల లీగ్‌ను ఊహించుకుందాం. ఊళ్ల పేర్లు, అంకెలు కేవలం లెక్క కోసమే. కావలి 5–1తో ఆత్మకూరును గెలిచింది, ఒంగోలు, నెల్లూరు 1–1తో సమమయ్యాయి, నెల్లూరు 2–1తో కావలిని గెలిచింది, ఒంగోలు 3–1తో ఆత్మకూరును గెలిచింది. మిగిలిన రెండు ఆటలు వానకు రద్దయ్యాయి. అందరూ రెండేసి ఆటలు ఆడారు. సగటు చూస్తే దాడిలో కావలికి 3, ఒంగోలుకు 2, నెల్లూరుకు 1.5, ఆత్మకూరుకు 1. నెల్లూరు దాడి మూడో స్థానంలో ఉంది.

ఇప్పుడు ప్రతి జట్టు విషయంలోనూ దాని ప్రత్యర్థులు తమ మిగతా ఆటల్లో ఎన్ని గోల్స్ ఇచ్చారో చూద్దాం. కావలి ఆడింది ఆత్మకూరు, నెల్లూరులతో. ఆత్మకూరు తన మరో ఆటలో 3, నెల్లూరు తన మరో ఆటలో 1 ఇచ్చాయి, మొత్తం 4. కావలి వేసినవి 6 కాబట్టి నిష్పత్తి 1.5. నెల్లూరు ఆడింది ఒంగోలు, కావలిలతో. వారు మిగతా ఆటల్లో ఇచ్చినవి ఒక్కొక్కటి చొప్పున 2. నెల్లూరు వేసినవి 3 కాబట్టి దాని నిష్పత్తి కూడా 1.5. సగటులో కావలి దాడికి సగంగా కనిపించిన నెల్లూరు దాడి, ఎవరి మీద ఆడిందో చూసేసరికి దానికి సమానమైంది. ఒంగోలు వేసిన 4 గోల్స్‌కు ఎదురుగా నెల్లూరు ఇచ్చిన 1, ఆత్మకూరు ఇచ్చిన 5 కలిపి 6 ఉన్నాయి, నిష్పత్తి 0.67. రెండు ఆటలూ ఓడిపోయిన ఆత్మకూరు నిష్పత్తి కూడా అదే, ఎందుకంటే అది రెండు సార్లూ పెద్దగా గోల్స్ ఇవ్వని జట్ల మీదనే ఒక్కొక్క గోల్ వేసింది.

రక్షణకు ఇదే లెక్కను తిప్పి చేయాలి: ప్రత్యర్థులు మిగతా ఆటల్లో ఎన్ని వేశారు, మన మీద ఎన్ని వేశారు. ఇందులో అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. నెల్లూరు ప్రత్యర్థులు మిగతా ఆటల్లో 8 గోల్స్ వేసి నెల్లూరు మీద 2 మాత్రమే వేయగలిగారు, నిష్పత్తి 0.25. ఒంగోలుకు 0.67, కావలికి 1.5, ఆత్మకూరుకు 4. ఇచ్చిన గోల్స్ సగటులో నెల్లూరు, ఒంగోలు సమానంగా ఒక్కొక్క గోల్ దగ్గర ఉన్నాయి. ఈ లెక్కలో రెండింటికీ చాలా దూరం ఏర్పడింది. ప్రత్యర్థి సగటులో మన ఆటను కలపకుండా తీసివేయడం మరచిపోకూడదు. కలిపితే మనం వేసిన గోల్సే ప్రత్యర్థి రక్షణను బలహీనంగా చూపించి, తిరిగి మన దాడి విలువను తగ్గిస్తాయి.

రెండు ఆటల నెల్లూరు

పై ఉదాహరణలో 0.25, 4 వంటి అంకెలు చూసి సంబరపడటానికి గానీ బెంబేలెత్తడానికి గానీ తొందరపడకూడదు. రొయ్యల చెరువులో ఒక మూల ఒక్క వల విసిరి, పడిన నాలుగు రొయ్యలను తూచి చెరువు మొత్తానికి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో) చెప్పే రైతు ఎవరూ ఉండరు. రెండు ఆటలతో రక్షణను తేల్చడమూ అలాంటిదే. ఫుట్‌బాల్‌లో గోల్స్ తక్కువ కాబట్టి అదృష్టం వాటా ఎక్కువ. సగటున ఆటకు ఒకటిన్నర గోల్స్ వేయగల జట్టు కూడా, గోల్స్ యాదృచ్ఛికంగా పడతాయనుకుంటే, నూటికి 22 ఆటల్లో ఒక్క గోల్ కూడా వేయకుండా వెనుదిరుగుతుంది.

మన దేశపు ఆటలో దీనికి మంచి ఉదాహరణ 1962 జకార్తా ఆసియా క్రీడలు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో వెళ్లిన భారత జట్టు మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. తర్వాత థాయిలాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో, సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాంను 3–2తో గెలిచి, ఫైనల్లో అదే దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. కొన్ని రోజుల వ్యవధిలో అవే రెండు జట్లు రెండు వ్యతిరేక ఫలితాలు చూశాయి. మొదటి ఆట తర్వాత ఎవరైనా ర్యాంకులు ప్రకటించి ఉంటే భారత దాడికి సున్నా వచ్చేది.

దీనికి గణాంక శాస్త్రంలో ఉన్న మందు సులభమైనదే: ప్రతి జట్టు ఖాతాలో కొన్ని సగటు ఆటలను ముందుగానే జమ చేయడం. మన ఉదాహరణలో నాలుగు ఆటల్లో 15 గోల్స్ పడ్డాయి కాబట్టి ఒక జట్టు ఒక ఆటలో వేసింది సగటున 1.875, అంటే దాదాపు రెండు. మూడు సగటు ఆటలకు ఆరు గోల్స్. నిష్పత్తిలో పైన 6, కింద 6 కలపాలి. కావలి దాడి 10 మీద 12, అంటే 1.2, నెల్లూరు దాడి 8 మీద 9, అంటే 1.13, ఆత్మకూరుది 0.89, ఒంగోలుది 0.83. రక్షణలో నెల్లూరు 0.57, ఒంగోలు 0.89, కావలి 1.13, ఆత్మకూరు 1.75. అతి విలువలు నడిమికి వచ్చాయి గానీ రక్షణ వరుస మారలేదు. ఆటలు పెరిగేకొద్దీ ఈ జమ ప్రభావం దానంతట అదే తగ్గిపోతుంది. మూడే ఎందుకు, నాలుగు ఎందుకు కాదు అని అడిగితే గట్టి నియమం ఏదీ లేదు. అయిదారు ఆటల లీగ్‌కు మూడు సబబుగా ఉంటుందని నా అంచనా.

ఈ రెండు అంకెలతో ఆడని ఆటను కూడా ఊహించవచ్చు. కావలి, ఒంగోలు ఎదురుపడితే కావలి వేయగల గోల్స్ 1.875ను కావలి దాడి 1.2తో, ఒంగోలు రక్షణ 0.89తో గుణిస్తే రెండు. ఒంగోలుకు అదే విధంగా సుమారు 1.76 వస్తుంది. వాన వల్ల ఆగిన ఆటకు ఈ అంచనాతో విజేతను ప్రకటించమని నేను చెప్పను. మైదానంలో ఆడని ఆటను కాగితం మీద గెలిపిస్తే ఆ టోర్నమెంట్‌కు మరుసటి ఏడాది జట్లు రావు.

ఎలో పద్ధతి

నాకౌట్ పోటీల్లో సగం జట్లు ఒక్క ఆటతోనే ఇంటికి పోతాయి కాబట్టి పై లెక్కకు సరుకు ఉండదు. అక్కడ హంగేరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆర్పాడ్ ఎలో చదరంగం కోసం రూపొందించిన పద్ధతి మంచిది. ఫిఫా కూడా 2018 నుంచి పురుషుల ర్యాంకింగ్‌కు దాని రూపాంతరాన్నే వాడుతోంది. ఆటకు ముందు రెండు జట్ల పాయింట్ల తేడాను బట్టి ఎంత ఫలితం ఆశించాలో లెక్కించి, వచ్చిన ఫలితం దానికంటే ఎంత మెరుగో అంత పాయింట్లు కలుపుతారు. ఫిఫా సూత్రంలో 100 పాయింట్లు ముందున్న జట్టు నుంచి సుమారు 0.59 ఫలితం ఆశిస్తారు; గెలుపుకు 1, సమానికి 0.5. ఆ తేడాను గుణించే అంకె స్నేహపూర్వక ఆటకు 5 లేదా 10 నుంచి ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్స్, ఆపై ఆటలకు 60 వరకు ఉంటుంది.

ఈ పద్ధతి గొప్పదనం ఏడాది నుంచి ఏడాదికి కొనసాగడం. లోపం కూడా అక్కడే ఉంది: పాఠశాల జట్టులో పదో తరగతి పిల్లలు వెళ్లిపోగానే జట్టు మారిపోతుంది, పాయింట్లు మాత్రం పాతవే మిగులుతాయి. అందుకని ఏటా మొదట్లో ప్రతి జట్టు పాయింట్లను సగటు వైపు సగం దూరం జరపడం మంచిది. దాడినీ రక్షణనూ ఎలో విడదీయదు, పురుషుల ఫిఫా ర్యాంకింగ్‌లో గోల్స్ తేడాకు చోటే లేదు. కాబట్టి ఇది డ్రా తీసేవారి పనిముట్టు, శిక్షకుడి పనిముట్టు కాదు.

షాట్లు, పాసులు, ఎక్స్‌జీ

టీవీలో ఆట చూసేవారికి ఈ మధ్య బాగా పరిచయమైన మాట ఎక్స్‌జీ, అంటే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్. ప్రతి షాట్ ఎంత దూరం నుంచి, ఏ కోణంలో, కాలితోనా తలతోనా కొట్టారో చూసి, అటువంటి వేల షాట్లలో ఎన్ని గోల్ అయ్యాయో దాని ప్రకారం విలువ ఇస్తారు. పెనాల్టీ విలువ సుమారు 0.76 నుంచి 0.79 మధ్య ఉంటుంది. గోల్స్ కంటే షాట్లు ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి తక్కువ ఆటల్లోనే జట్టు స్వభావం బయటపడుతుందన్నది దీని బలం. అయితే ఆ విలువలు వృత్తి ఆటగాళ్ల షాట్ల నుంచి వచ్చినవి. గడ్డి లేని గట్టి నేల మీద పదమూడేళ్ల పిల్లలు కొట్టే షాట్‌కు, సముద్రపు గాలి తోసుకొచ్చే కావలి సాయంత్రానికి అవి వర్తించవు. కెమెరాలు, ప్రతి షాట్ వివరాలనూ నమోదు చేసే మనుషులు లేనిచోట ఎక్స్‌జీ కోసం ఆరాటపడటం దండగ.

దానికి బదులు ఒక విద్యార్థిని నోట్‌బుక్‌తో గీత పక్కన కూర్చోబెట్టి, ప్రతి షాట్ పెనాల్టీ ఏరియా లోపలి నుంచా బయటి నుంచా అన్నది మాత్రం రాయిస్తే చాలు. సున్నంతో గీసిన ఆ గీత గోల్ రేఖకు 16.5 మీటర్ల దూరంలో స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి వాదనకు తావుండదు. పెద్ద లీగ్‌ల్లోనే బయటి నుంచి కొట్టిన షాట్లలో నూటికి అయిదు కూడా గోల్ కావు. అందువల్ల దూరం నుంచి ఇరవై షాట్లు కొట్టిన జట్టును దాడిలో బలమైనదిగా లెక్కించకూడదు. లోపలి షాట్లను ఎన్ని సృష్టించారు, ఎన్ని ఇచ్చారు అనే రెండు అంకెలను పై నిష్పత్తి లెక్కలో గోల్స్ స్థానంలో పెట్టి చూడండి. గోల్స్ వరుస, షాట్ల వరుస ఒకటే చెబితే నమ్మకం పెరుగుతుంది. వేర్వేరుగా చెబితే, గోల్స్ ఎక్కువగా ఉండి లోపలి షాట్లు తక్కువగా ఉన్న జట్టు వచ్చే పోటీలో కిందికి జారే అవకాశం ఎక్కువ.

నోట్‌బుక్‌తో కూర్చోవడం కొత్త పద్ధతి కాదు. బ్రిటన్ వైమానిక దళంలో అకౌంటెంట్‌గా పనిచేసిన చార్లెస్ రీప్ 1950 మార్చి 18న స్విండన్ టౌన్ ఆట చూస్తూ పెన్సిల్‌తో ప్రతి ఎత్తుగడనూ రాయడం మొదలుపెట్టి దశాబ్దాల పాటు కొనసాగించాడు. గోల్స్‌లో ఎక్కువ భాగం మూడు లేదా అంతకంటే తక్కువ పాసుల తర్వాత వచ్చినవేనని కనిపెట్టి, బంతిని త్వరగా ముందుకు పొడవుగా కొట్టాలని సిఫారసు చేశాడు. రాసిన వివరాలు నిజమే, తీర్పే తప్పు. ఆటలో బంతి చేతులు మారే క్రమాల్లో అత్యధిక భాగం ఎలాగూ మూడు పాసుల లోపే తెగిపోతాయి. గోల్స్ వాటా ఎంత అని కాక, అలాంటి ఎన్ని ప్రయత్నాలకు ఒక గోల్ వచ్చిందని అడిగి ఉంటే ఎక్కువ పాసులున్న వరుసలు తక్కువేమీ కాదని తేలేది. దేనితో భాగిస్తున్నామన్నది గణకుడు అనుక్షణం గుర్తుంచుకోవాలి.

బంతి స్వాధీనం శాతాన్ని దాడి ర్యాంకుకు వాడవద్దు. 2018 ప్రపంచ కప్‌లో రష్యా మీద స్పెయిన్ వెయ్యికి పైగా పాసులు ఆడి 1–1 దగ్గర ఆగి, పెనాల్టీల్లో ఓడింది. 2014 సెమీ ఫైనల్లో జర్మనీ చేతిలో 1–7తో ఓడిన బ్రెజిల్ షాట్ల సంఖ్యలో జర్మనీ కంటే ముందే ఉంది. వెనకబడిన జట్టు బంతిని ఎక్కువగా పట్టుకోవడం, ఎక్కువ షాట్లు కొట్టడం సహజం. అది స్కోరుకు ఫలితమే గానీ కారణం కాదు. రక్షణలో టాకిళ్లు, గోల్‌కీపర్ ఆపిన బంతులు కూడా ఇలాంటి అంకెలే. పది బంతులు ఆపిన గోల్‌కీపర్‌ను మెచ్చుకోవలసిందే. అతని ముందున్న నలుగురు డిఫెండర్లు పది సార్లు దారి ఇచ్చారన్న విషయం కూడా ఆ పదిలోనే ఉంది.

కంప్యూటర్ తెలిసినవారు దొరికితే

ఏదైనా ఇంజినీరింగ్ కళాశాల జట్టులో గణితం మీద ఆసక్తి ఉన్న విద్యార్థి ఉంటే పై నిష్పత్తుల లెక్కకు సరైన రూపాన్ని తయారుచేయించవచ్చు. 1982లో మైకేల్ మాహెర్ ప్రతి జట్టుకూ ఒక దాడి విలువ, ఒక రక్షణ విలువ ఇచ్చి, వాటి లబ్ధాన్ని సగటుగా తీసుకుని గోల్స్‌ను పాయ్‌సాన్ విభాజనంతో (సగటు తెలిస్తే సున్నా, ఒకటి, రెండు గోల్స్ పడే అవకాశం ఎంతో చెప్పే గణిత సూత్రంతో) వర్ణించాడు. 1997లో మార్క్ డిక్సన్, స్టువర్ట్ కోల్స్ దానికి రెండు మెరుగులు దిద్దారు: 0–0, 1–1 వంటి చిన్న స్కోర్ల దగ్గర సవరణ, పాత ఆటలకు క్రమంగా తక్కువ బరువు. మనం చేత్తో ఒక్కసారి చేసిన ప్రత్యర్థి సవరణను ఈ పద్ధతి అన్ని జట్లకూ ఒకేసారి, విలువలు స్థిరపడేదాకా చేస్తుంది. ఎక్సెల్‌లో కూడా సాధ్యమే. కానీ ఎనిమిది జట్లకు పదహారు విలువలు కనుగొనాలి. ఇరవై ఎనిమిది ఆటల పూర్తి లీగ్ ఉంటే తప్ప దీని అదనపు సూక్ష్మత వల్ల పెద్ద లాభం లేదు.

కాబట్టి ఒక ఏడాదిలో ప్రతి జట్టు అయిదు ఆటలైనా ఆడే లీగ్ నడిపేవారు ప్రత్యర్థి సవరణతో, మూడు ఆటల జమతో దాడి, రక్షణ నిష్పత్తులను ఎంచుకోవాలి. నాకౌట్‌లు మాత్రమే నడిపేవారు ఎలోను నాలుగైదేళ్ల పాటు కొనసాగించాలి. ఒకే జట్టుకు శిక్షణ ఇచ్చేవారికి పక్క జట్ల ర్యాంకులతో పెద్దగా పని లేదు. పెనాల్టీ ఏరియా లోపలి షాట్ల నోట్‌బుక్ ఒక్కటి వారికి మిగతా అన్నింటి కంటే ఎక్కువ చెబుతుంది. రెండు జట్ల మధ్య నిష్పత్తి తేడా 0.1 లోపు ఉంటే వాటిని ఒకే స్థానంలో రాయండి. మన ఉదాహరణలో కావలి, నెల్లూరు దాడులకు మధ్య ఉన్నది అంతే.

ఏ పద్ధతి ఎంచుకున్నా, స్కోర్‌షీట్ నుంచి అంకెలు ఎత్తిరాసేటప్పుడు కొన్నింటిని బయట ఉంచాలి. ప్రత్యర్థి రాకపోవడంతో ఇచ్చే 3–0 గెలుపు పాయింట్ల పట్టికలోకి వెళ్తుంది గానీ దాడి, రక్షణ లెక్కల్లోకి రాకూడదు. పెనాల్టీ షూటౌట్‌లో వేసిన గోల్స్ కూడా అంతే. నాకౌట్ ఆట 1–1 తర్వాత షూటౌట్‌లో 4–3తో ముగిస్తే మన లెక్కకు అది 1–1 మాత్రమే. అదనపు సమయం ఆడిన ఆట ఉంటే, లేదా అండర్–14 వారి ఆట తక్కువ నిమిషాలు జరిగి ఉంటే, గోల్స్‌ను ఆటకు కాక ఆడిన నిమిషాలకు భాగించాలి. అందుకోసం ప్రతి స్కోర్‌షీట్ మీద తేదీ, మైదానం, ఆట మొదలైన వేళ, ఆడిన మొత్తం నిమిషాలు, గోల్ పడిన నిమిషం ఆ రోజే రాయించి, రిఫరీ సంతకం తీసుకుని, వాటిని ఫోన్‌తో ఫొటో తీసి ఇద్దరి దగ్గరైనా ఉంచాలి.